పాఠం 11 : పికప్ బండి ఎత్తు పెంచడం, పెద్ద టైర్లు ఎంచుకోవడం

11.1 పరిచయం

గత పాఠంలో బండి బరువును చక్రాలు, స్ప్రింగులు ఎలా మోస్తాయో తెలుసుకొన్నారు. ఈ పాఠంలో ఆ జ్ఞానాన్ని ఒక నిర్ణయానికి ఉపయోగించడం నేర్చుకొంటారు.

పికప్ బండి ఉన్నవారిలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఆలోచన ఇది: "బండి కొంచెం ఎత్తు పెంచి పెద్ద టైర్లు వేస్తే గుంతల్లోను, నీళ్ళలోను తేలికగా పోతుంది కదా!" షెడ్డులో అడిగితే మెకానిక్కు సరేనంటాడు. టైర్ల దుకాణంలో అడిగితే వాళ్ళూ సరేనంటారు. కాని బండి బోల్తాపడినా, బీమా డబ్బు రాకపోయినా నష్టపోయేది యజమాని. అందువల్ల సరే అనే ముందు లెక్క వేయవలసింది కూడా యజమానే. ఆ లెక్కకు కావలసింది ఒక టేపు, ఒక కాగితం, ఒక పెన్సిలు.

ఈ పాఠానికి కోల్‌కతా నగరాన్ని ఉదాహరణగా తీసుకొన్నాం. దీనికి రెండు కారణాలున్నాయి. మొదటిది, అక్కడ వర్షాకాలంలో వీధుల్లో నీరు నిలవడం ఏటా ఉండే సమస్య. రెండవది, ఆ నగరంతో మనకు ఉన్న సంబంధం. ఆకివీడు, కైకలూరు, భీమవరం ప్రాంతాల చేపలు లారీల్లో హౌరా టోకు మార్కెట్టుకు వెళతాయి. అక్కడి నుంచి చిన్న బండ్ల మీద నగరంలోని బజార్లకు చేరతాయి. కోల్‌కతాలోను, ఖరగ్‌పూర్‌లోను చాలాకాలంగా తెలుగు కుటుంబాలు నివసిస్తున్నాయి. మీరు విజయవాడలో ఉన్నా, వరంగల్లులో ఉన్నా ఇక్కడ నేర్చుకొనే పద్ధతి మీ బండికీ వర్తిస్తుంది.

11.2 ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు
• బండి ఎత్తుకు సంబంధించిన మూడు కొలతలను వేరువేరుగా గుర్తించగలుగుతారు;
• సస్పెన్షన్ ఎత్తు పెంచే పద్ధతులను, వాటి మంచిచెడ్డలను వివరించగలుగుతారు;
• టైరు మీది అంకెలను చదివి, టైరు ఎత్తును లెక్కించగలుగుతారు;
• ఎత్తు పెరిగినప్పుడు బండి నిలకడ, బ్రేకులు, స్పీడు మీటరు ఎలా మారతాయో చెప్పగలుగుతారు;
• చట్టాన్ని, ఖర్చును, అవసరాన్ని కలిపి చూసి నిర్ణయం తీసుకోగలుగుతారు.

11.3 ఎత్తు ఎందుకు కావాలి?

మొదటి ప్రశ్న "ఎంత ఎత్తు?" అన్నది కాదు, "ఎందుకు ఎత్తు?" అన్నది. ఎత్తు పెంచాలనుకొనేవారి అవసరాలు సాధారణంగా నాలుగు రకాలుగా ఉంటాయి.

1. గుంతల్లో, రాళ్ళ దారిలో బండి అడుగుభాగం తగలడం.
2. వాన నీటిలో బండి ఆగిపోవడం.
3. బరువు వేసినప్పుడు వెనక భాగం బాగా కిందికి దిగిపోవడం.
4. చూడటానికి బండి గంభీరంగా ఉండాలనే కోరిక.

ఈ నాలుగింటికీ మందు ఒకటే కాదు. కోల్‌కతా విషయంలో రెండవ అవసరం ముఖ్యమైనది. ఆ నగరం దాదాపు చదునుగా ఉంటుంది. నేల వాలు హుగ్లీ నది వైపు కాక, తూర్పున ఉన్న పల్లపు భూముల వైపు ఉంటుంది. వాన నీటిని పంపులతో తోడి కాలువల్లోకి పంపాలి. నదికి పోటు వచ్చినప్పుడు తూములు మూసివేస్తారు. అప్పుడు వాన పడితే, పోటు తగ్గేవరకు నీరు వీధుల్లోనే నిలిచిపోతుంది. 2025 సెప్టెంబరు 22 రాత్రి నుంచి 23 ఉదయం వరకు నగరంలో 250 మిల్లీమీటర్లకు పైగా వర్షం కురిసింది. వీధుల్లో నిలిచిన నీటిలోకి విద్యుత్తు ప్రవహించి పలువురు మరణించారు. అటువంటి రోజున బండి ఎంత ఎత్తున్నా బయటికి తీయకపోవడమే మంచిది.

అంటే నీటి సమస్యకు మొదటి మందు ఆగడం. పోటు, పాటు రోజుకు రెండుసార్లు వస్తాయి. పాటు సమయంలో తూములు తెరిస్తే చాలా వీధుల్లో నీరు కొన్ని గంటల్లో తగ్గుతుంది. ఆగలేని పనులు కూడా ఉన్నాయి. చేపల బుట్టలు ఎండలో నిలవవు. కాబట్టి ఎత్తు పెంచడం వల్ల నిజంగా ఎంత లాభమో కొలిచి చూద్దాం.

11.4 బండి ఎత్తులో మూడు కొలతలు

చదునైన నేల మీద బండిని నిలిపి, టేపుతో ఈ మూడింటిని కొలవండి.

(అ) నేల నుంచి ఇరుసు అడుగు వరకు. వెనక ఇరుసు మధ్యలో గుండ్రటి డిఫరెన్షియల్ పెట్టె ఉంటుంది. చాలా పికప్ బండ్లలో నేలకు అన్నింటికంటె దగ్గరగా ఉండే భాగం ఇదే. రాయి తగిలితే ముందు దీనికే తగులుతుంది.

(ఆ) నేల నుంచి ఛాసిస్ అడుగు వరకు. ఎగుడు దిగుడు దారిలో బండి మధ్యభాగం తగలకుండా కాపాడేది ఈ ఖాళీ.

(ఇ) నేల నుంచి ఇంజను గాలి పీల్చుకొనే నోరు వరకు. నీటిలో వెళ్ళేటప్పుడు అన్నింటికంటె ముఖ్యమైన కొలత ఇదే. ఈ నోటిలోకి నీరు పోతే అది సిలిండరులోకి చేరుతుంది. గాలిని నొక్కవచ్చు గాని నీటిని నొక్కలేం. పిస్టను పైకి లేవలేక కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. అప్పుడు ఇంజను మొత్తం విప్పవలసిందే.

ఇప్పుడు ఒక ముఖ్య విషయం గమనించండి. సస్పెన్షన్ ఎత్తు పెంచితే (ఆ), (ఇ) కొలతలు పెరుగుతాయి. (అ) కొలత పెరగదు. ఎందుకంటే స్ప్రింగు ఇరుసు మీద కూర్చుంటుంది. స్ప్రింగును ఎంత పెంచినా దాని పైనున్న ఛాసిస్, బాడీ మాత్రమే లేస్తాయి. ఇరుసు చక్రంతోపాటు కిందనే ఉంటుంది. ఇరుసును నేల నుంచి పైకి లేపగలిగేది పెద్ద టైరు ఒక్కటే. అదికూడా టైరు ఎత్తు ఎంత పెరిగితే అందులో సగమే లేపుతుంది.

కృత్యం: మీకు అందుబాటులో ఉన్న ఏదైనా ఒక బండికి పై మూడు కొలతలు తీసి మీ నోటు పుస్తకంలో రాయండి. గాలి పీల్చే నోరు ఎక్కడుందో తెలియకపోతే, ఎయిర్ ఫిల్టరు డబ్బా నుంచి బయలుదేరే గొట్టం వెంట వెతకండి. ఇంజను ఆపి ఉంచి ఈ పని చేయండి.

పాఠ్యగత ప్రశ్నలు 11.1

ఖాళీలను పూరించండి.
1. సస్పెన్షన్ ఎత్తు పెంచినప్పుడు నేలకు, ________ అడుగుకు మధ్య దూరం మారదు.
2. నీటిలో వెళ్ళేటప్పుడు అన్నింటికంటె ముఖ్యంగా చూడవలసినది ఇంజను ________ పీల్చుకొనే నోటి ఎత్తు.
3. హుగ్లీ నదికి ________ వచ్చినప్పుడు తూములు మూసివేస్తారు.

11.5 సస్పెన్షన్ ఎత్తు పెంచే పద్ధతులు

ముందుగా మీ బండి సస్పెన్షన్ ఏ రకమో తెలుసుకోవాలి. కోల్‌కతా సమీపాన ఉత్తరపాడాలో 2014 వరకు తయారైన అంబాసడర్ కారును మీలో చాలామంది చూసి ఉంటారు. దాని వెనక భాగంలో ఒకదానిపై ఒకటి పేర్చిన ఉక్కు పట్టీలు ఉండేవి. వీటిని లీఫ్ స్ప్రింగులు అంటారు. మన లారీ మెకానిక్కులు కమాన్ పట్టీలు అంటారు. నేటి పికప్ బండ్లలో కూడా వెనక ఎక్కువగా ఇవే ఉంటాయి. కొన్ని సరుకుల బండ్లలో ముందు కూడా ఇవే. మరికొన్నింటిలో ముందు చక్రాలకు విడివిడిగా కాయిల్ స్ప్రింగులు ఉంటాయి. తిరుపతి జిల్లా శ్రీసిటీలోని కర్మాగారంలో 2016 నుంచి తయారవుతున్న ఇసుజు డి-మ్యాక్స్ పికప్ ఈ రెండవ రకానికి ఉదాహరణ. దానికి ముందు కాయిల్ స్ప్రింగులు, వెనక కమాన్ పట్టీలు ఉంటాయి.

ఎత్తు పెంచడానికి వాడుకలో ఉన్న పద్ధతులు ఇవి.

1. స్పేసరు పెట్టడం: ముందు కాయిల్ స్ప్రింగు పైభాగాన లోహపు బిళ్ళ బిగిస్తారు. ఖర్చు తక్కువ. స్ప్రింగు పాతదే కాబట్టి బరువు మోసే శక్తి మారదు. షాక్ అబ్జార్బరు తన పొడవు చివరికి త్వరగా చేరి గుంతల్లో కొట్టుకొనే అవకాశం ఉంటుంది.

2. పొడవైన స్ప్రింగులు, వాటికి తగిన షాక్ అబ్జార్బర్లు వేయడం: ఖర్చు ఎక్కువ. పని సక్రమంగా జరుగుతుంది. స్ప్రింగు మార్చి పాత షాక్ అబ్జార్బరు ఉంచితే ఆ డబ్బు సగం వృథా అయినట్లే.

3. వెనక దిమ్మ పెట్టడం: ఇరుసుకు, కమాన్ కట్టకు మధ్య లోహపు దిమ్మ పెట్టి పొడవైన యు-బోల్టులతో బిగిస్తారు. దిమ్మ మీద దిమ్మ ఎన్నడూ పెట్టరాదు. స్టీరింగు తిరిగే ముందు ఇరుసుకు దిమ్మలు అసలే పెట్టరాదు. కొంత దూరం నడిచిన తరువాత యు-బోల్టులు మళ్ళీ బిగించి చూడాలి.

4. కమాన్ పట్టీ అదనంగా చేర్చడం: బరువు వేసినప్పుడు వెనక భాగం దిగిపోవడం తగ్గుతుంది. ఖాళీ బండి మాత్రం గుంతల్లో ఎగిరెగిరి పడుతుంది. పట్టీ చేర్చినంత మాత్రాన బండి మోయదగిన బరువు పెరగదు. రిజిస్ట్రేషన్ పత్రంలో రాసిన మొత్తం బరువే చివరి హద్దు. ఇరుసు, బేరింగులు, టైర్లు, బ్రేకులు ఆ హద్దుకే తయారైనవి.

5. బాడీ మాత్రమే లేపడం: ఛాసిస్‌కు, బాడీకి మధ్య దిమ్మలు పెడతారు. పెద్ద టైరుకు చోటు దొరుకుతుంది గాని ఛాసిస్ ఉన్నచోటే ఉంటుంది.

ఏ పద్ధతి అయినా కొన్ని భాగాలను వెంటనే పరీక్షించాలి. బ్రేకు గొట్టాలు లాగి పట్టినట్లు ఉండరాదు. ప్రొపెల్లర్ షాఫ్టు కోణం మారడం వల్ల దాని చివర ఉండే యూనివర్సల్ జాయింటు, అంటే మెకానిక్కులు క్రాసు అనేది, త్వరగా అరగవచ్చు. నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందే బండిలో ముందు షాఫ్టుల రబ్బరు బూట్లు చిరగవచ్చు. వీల్ అలైన్‌మెంటు తప్పనిసరిగా చేయించాలి. హెడ్‌లైట్లు పైకి చూస్తాయి కాబట్టి వాటిని కిందికి సరిచేయించాలి. లేకపోతే ఎదురు వచ్చేవారి కళ్ళలో వెలుగు పడుతుంది.

మరొక భాగాన్ని చాలామంది మరచిపోతారు. అనేక సరుకుల బండ్లలో వెనక ఇరుసుకు, ఛాసిస్‌కు మధ్య ఒక చిన్న కడ్డీతో కలిపిన బ్రేకు వాల్వు ఉంటుంది. బరువు పడితే ఛాసిస్ దిగుతుంది. అప్పుడు ఆ కడ్డీ కదిలి వెనక బ్రేకులకు ఎక్కువ శక్తిని పంపుతుంది. బండి ఎత్తు పెంచితే ఛాసిస్ ఎప్పుడూ పైనే ఉంటుంది. నిండా బరువున్నా బండి ఖాళీగా ఉన్నట్లే ఆ వాల్వు పనిచేస్తుంది. వెనక బ్రేకులు బలహీనపడతాయి. కాబట్టి ఎత్తు పెంచిన తరువాత ఈ కడ్డీని కూడా కంపెనీ పద్ధతి ప్రకారం సరిచేయించాలి.

11.6 టైరు మీది అంకెలు

గాలి నింపిన టైరును జాన్ బాయ్డ్ డన్లప్ 1888లో రూపొందించాడు. ఆయన పేరు పెట్టుకొన్న కంపెనీ 1936లో హుగ్లీ జిల్లా సాహాగంజ్‌లో టైర్ల కర్మాగారం నెలకొల్పింది. అది ఇప్పుడు మూతపడింది. కోల్‌కతా ఉత్తర భాగంలో ఒక కూడలిని మాత్రం నేటికీ డన్లప్ అనే పిలుస్తారు.

టైరు పక్క గోడ మీద 245/70 ఆర్ 16 అని ఉందనుకోండి. దానిని ఇలా చదవాలి.
• 245 : టైరు వెడల్పు మిల్లీమీటర్లలో.
• 70 : పక్క గోడ ఎత్తు వెడల్పులో ఎంత శాతమో ఆ అంకె.
• ఆర్ : రేడియల్ టైరు.
• 16 : రిమ్ము వ్యాసం అంగుళాలలో. ఒక అంగుళం 25.4 మిల్లీమీటర్లు.

ఇప్పుడు టైరు ఎత్తు లెక్కిద్దాం.
పక్క గోడ = 245 × 70 ÷ 100 = 171.5 మి.మీ.
కింద, పైన రెండు గోడలు = 171.5 × 2 = 343 మి.మీ.
రిమ్ము = 16 × 25.4 = 406.4 మి.మీ.
టైరు ఎత్తు = 343 + 406.4 = 749.4 మి.మీ.

ఇదే పద్ధతిలో మరి రెండు కొలతలు చూద్దాం.
255/70 ఆర్ 16 : ఎత్తు 763.4 మి.మీ. పెరుగుదల 14 మి.మీ., అంటే సుమారు 1.9 శాతం. ఇరుసు లేచేది 7 మి.మీ.
265/75 ఆర్ 16 : ఎత్తు 803.9 మి.మీ. పెరుగుదల 54.5 మి.మీ., అంటే సుమారు 7.3 శాతం. ఇరుసు లేచేది 27 మి.మీ.

పెద్దదిగా కనిపించే ఆ టైరు ఇరుసును లేపింది మూడు సెంటీమీటర్లకంటె తక్కువే! ఈ లాభానికి చెల్లించే మూల్యం చూడండి. స్పీడు మీటరు చక్రం తిరిగిన చుట్లను లెక్కపెడుతుంది. పెద్ద చక్రం ఒక చుట్టులో ఎక్కువ దూరం పోతుంది. మీటరు 60 కిలోమీటర్లు చూపినప్పుడు బండి నిజంగా 64 కిలోమీటర్ల వేగంతో పోతూ ఉంటుంది. బండిని కదిలించడానికి ఇంజను ఎక్కువ కష్టపడాలి. నిండు బరువుతో వంతెన ఎక్కేటప్పుడు గేరు తగ్గించవలసి వస్తుంది. క్లచ్చి త్వరగా అరుగుతుంది.

సాధారణంగా టైరు ఎత్తులో మార్పు 3 శాతానికి మించకుండా చూడటం మంచి అలవాటు. మీ బండి తయారీదారు అదే మోడలులోని వేరే రకానికి ఇచ్చిన టైరు కొలతను ఎంచుకోవడం మరింత క్షేమం.

కొలత తరువాత 112 ఎస్ వంటి గుర్తు ఉంటుంది. 112 అనేది టైరు మోయగల బరువును తెలిపే అంకె. దాని అర్థం ఒక టైరు 1120 కిలోలు మోయగలదని. 104 అయితే 900 కిలోలు, 100 అయితే 800 కిలోలు. ఎస్ అనేది వేగం హద్దు, గంటకు 180 కిలోమీటర్లు. సరుకుల బండికి టైరు మార్చేటప్పుడు బరువు అంకె పాతదానికంటె తగ్గరాదు. టైరు పెద్దదైనంత మాత్రాన ఎక్కువ బరువు మోస్తుందని అనుకోవద్దు. అంకె చూసి కొనండి.

గాడుల సంగతి కూడా చూడాలి. లోతైన పెద్ద గళ్ళున్న బురద టైర్లు పొలం దారిలో బాగా పట్టుకొంటాయి. తడిసిన తారు రోడ్డు మీద, కోల్‌కతా ట్రాము పట్టాల మీద అవి జారే అవకాశం ఎక్కువ. బ్రేకు వేసినప్పుడు ఆగే దూరం పెరుగుతుంది. మరీ వెడల్పు టైరు వేగంగా పోతున్నప్పుడు పలుచటి నీటి పొర మీద తేలుతుంది. నగరంలో తిరిగే బండికి సాధారణ రోడ్డు టైరు చాలు. అరిగిన టైరును మాత్రం వెంటనే మార్చాలి. నాలుగు చక్రాల బండికి గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గరాదని నిబంధన.

పాఠ్యగత ప్రశ్నలు 11.2

1. 265/70 ఆర్ 16 టైరు ఎత్తు ఎంత? 245/70 ఆర్ 16 టైరుకంటె ఎంత శాతం ఎక్కువ?
2. ఆ టైరు వేస్తే ఇరుసు ఎంత లేస్తుంది?
3. పాత టైరు మీద 112 అని, కొత్త టైరు మీద 104 అని ఉంది. కొత్త టైరు సరుకుల బండికి తగినదేనా? ఎందుకు?

11.7 నిలకడ ఎంత తగ్గుతుంది?

బండి మలుపు తిరిగేటప్పుడు పక్కకు ఒరుగుతుంది. రెండు చక్రాల మధ్య వెడల్పులో సగాన్ని బరువు కేంద్రం ఎత్తుతో భాగిస్తే వచ్చే సంఖ్య బండి నిలకడకు సూచిక. సంఖ్య ఎంత చిన్నదైతే బోల్తాపడే ప్రమాదం అంత ఎక్కువ.

చక్రాల మధ్య వెడల్పు 150 సెం.మీ., బరువుతో ఉన్న బండి బరువు కేంద్రం 90 సెం.మీ. ఎత్తున ఉందనుకొందాం.
మార్పుకు ముందు: 75 ÷ 90 = 0.83
సస్పెన్షన్ 5 సెం.మీ., టైరు దాదాపు 3 సెం.మీ. లేపితే: 75 ÷ 98 = 0.77

ఇది సుమారు 8 శాతం తగ్గుదల. బుట్టలు ఎత్తుగా పేర్చితే ఇంకా తగ్గుతుంది. ఖాళీ బండితో ఈ తేడా తెలియదు. నిండు బరువుతో ఫ్లైఓవరు మలుపులో, సైకిలువాడు అడ్డం వచ్చి స్టీరింగు ఒక్కసారిగా తిప్పినప్పుడు తెలుస్తుంది.

మరొక నష్టం లెక్కల్లో కనిపించదు. బండి తొట్టి నేల కూడా 8 సెంటీమీటర్లు లేస్తుంది. రోజూ బుట్టలు ఎత్తి వేసే కూలీలు ప్రతి బుట్టనూ అంత ఎత్తుకు అదనంగా లేపాలి. సాయంత్రానికి ఆ భారం నడుముకే తెలుస్తుంది.

11.8 చట్టం, బీమా

1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకు, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకు తేడా వచ్చేటట్లు యజమాని బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఒక తీర్పులో ఈ విషయాన్ని గట్టిగా చెప్పింది. అదే సంవత్సరం చట్టానికి చేసిన సవరణలో 182-ఎ సెక్షన్ చేరింది. అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు గాని, ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చు.

సరుకుల బండి ఫిట్‌నెస్ పరీక్షకు వెళ్ళాలి. అక్కడ మార్పు కనిపిస్తే పత్రం ఆగవచ్చు. పత్రం లేని బండి కూలి తెచ్చిపెట్టదు. బీమా కంపెనీకి తెలియకుండా చేసిన మార్పు వల్ల ప్రమాదం జరిగితే పరిహారం నిరాకరించే అవకాశం ఉంది. ఇంజనులోకి నీరు పోయి జరిగిన నష్టం కూడా చాలా మామూలు పాలసీలలో ఉండదు. దానికి విడిగా అదనపు రక్షణ ఉందేమో కంపెనీని అడిగి తెలుసుకోండి.

కాబట్టి డబ్బు చెల్లించక ముందే మీ ప్రాంత రవాణా కార్యాలయంలోను, బండి కంపెనీ అధీకృత సర్వీసు కేంద్రంలోను రాతపూర్వకంగా అడగండి. "అందరూ చేయించుకొంటున్నారు" అనే మాట పోలీసు ముందుగాని, న్యాయస్థానం ముందుగాని పనికిరాదు.

11.9 నిర్ణయం: ఒక ఉదాహరణ

హౌరా మార్కెట్టు నుంచి దక్షిణ కోల్‌కతా బజార్లకు చేపలు చేరవేసే ఒక బండి యజమానిని ఊహించుకొందాం. ఎత్తు పెంచి పెద్ద టైర్లు వేయడానికి 80,000 రూపాయలు అవుతుందని షెడ్డువారు చెప్పారు. నీటి వల్ల ఏడాదికి నాలుగు రోజులు పని పోతోంది. ఖర్చులు పోను రోజుకు అతనికి మిగిలేది 1,500 రూపాయలు. ఇవి లెక్క కోసం అనుకొన్న అంకెలు. మీ అంకెలు వేరుగా ఉంటాయి.

మూడేళ్ళలో పోయే రోజులు: 4 × 3 = 12
పోయే ఆదాయం: 12 × 1,500 = 18,000 రూపాయలు
ఖర్చు: 80,000 రూపాయలు

పన్నెండు రోజులూ మిగిలినా 62,000 రూపాయల నష్టమే. నిజానికి పన్నెండు రోజులూ మిగలవు. ఎత్తు పెంచడం వల్ల గాలి పీల్చే నోరు లేచేది సుమారు 8 సెంటీమీటర్లు. నీళ్ళున్న వీధిలో ఎదురుగా బస్సు వస్తే లేచే అల అంతకంటె ఎత్తుగా ఉండవచ్చు.

ఆ యజమాని తక్కువ ఖర్చుతో చేయదగిన పనులు ఇవి.
1. చక్రం మధ్యభాగం ఎత్తున బండి పక్కన రంగుతో ఒక గీత గీయడం. కంపెనీ పుస్తకంలో వేరే హద్దు చెప్పకపోతే, ఆ గీతను మించిన నీటిలోకి దిగరాదు.
2. వెనక ఇరుసుకు గాలి ఆడే చిన్న గొట్టాన్ని పరీక్షించడం. వేడెక్కిన ఇరుసు నీటిలో మునిగితే లోపలి గాలి చల్లబడి నీటిని లోపలికి పీలుస్తుంది. గొట్టం చివర పైన ఉండి, మూసుకుపోకుండా ఉంటే ఈ ప్రమాదం తగ్గుతుంది.
3. నీటిలో నడిచిన తరువాత ఇరుసు నూనె చూడటం. నూనె పాలలాగా తెల్లబడితే నీరు కలిసిందని అర్థం. వెంటనే మార్చాలి.
4. అరిగిన షాక్ అబ్జార్బర్లు, వాలిపోయిన కమాన్ పట్టీలు మార్చి, బండిని కంపెనీ ఇచ్చిన అసలు ఎత్తుకు తేవడం. పాత బండ్లలో పోయిన ఎత్తు చాలావరకు ఇక్కడే దొరుకుతుంది.
5. నీటిలో ఇంజను ఆగిపోతే మళ్ళీ స్టార్టు చేయకుండా బండిని తోయించుకొని బయటికి తేవడం.

అయితే ఎత్తు ఎవరికీ అవసరం లేదా? రాళ్ళ దారుల్లో రోజూ నడిచే బండికి, అనుమతి ఉన్నంత మేరకు, కంపెనీ ఆమోదించిన టైరు, తగిన స్ప్రింగులు ఉపయోగపడతాయి. అక్కడ కూడా ఎత్తు ఒక్కటే పని చేయదు. పశ్చిమ బెంగాల్ ఉత్తరాన మానేభంజన్ నుంచి 3,636 మీటర్ల ఎత్తున ఉన్న సందక్‌ఫూ శిఖరానికి పాత ల్యాండ్ రోవర్ బండ్లు దశాబ్దాలపాటు ప్రయాణికులను మోశాయి. కమాన్ పట్టీల మీద నడిచే ఆ బండ్లను పైకి తీసుకువెళ్ళింది నాలుగు చక్రాలకూ అందే శక్తి, తక్కువ వేగానికి పనికివచ్చే గేర్లు, దారి తెలిసిన డ్రైవరు నేర్పు.

11.10 మీరు ఏం నేర్చుకొన్నారు?

• ఎత్తు పెంచే ముందు అవసరం ఏమిటో తేల్చుకోవాలి.
• సస్పెన్షన్ ఛాసిస్‌ను, బాడీని లేపుతుంది. ఇరుసును లేపేది టైరు మాత్రమే. అదీ పెరిగిన ఎత్తులో సగం.
• ఎత్తు పెరిగితే నిలకడ తగ్గుతుంది. బ్రేకు వాల్వు, లైట్లు, అలైన్‌మెంటు సరిచేయించాలి.
• టైరు బరువు అంకె పాతదానికంటె తగ్గరాదు.
• అనుమతి లేని మార్పుకు శిక్ష ఉంది. బీమా పరిహారం కూడా పోవచ్చు.
• బండిని అసలు ఎత్తుకు తెచ్చి బాగా ఉంచుకోవడం చాలామందికి సరిపోయే మార్గం.

11.11 పాఠాంత ప్రశ్నలు

1. వెనక భాగం దిగిపోతున్న బండికి కమాన్ పట్టీ చేర్చడం వల్ల లాభనష్టాలు వివరించండి.
2. ఎత్తు పెంచిన బండిలో వెనక బ్రేకులు బలహీనపడటానికి కారణం రాయండి.
3. చక్రాల మధ్య వెడల్పు 140 సెం.మీ., బరువు కేంద్రం ఎత్తు 80 సెం.మీ. ఉన్న బండిని 7 సెం.మీ. లేపితే నిలకడ సూచిక ఎంత నుంచి ఎంతకు మారుతుంది?
4. మీ ఊరిలో ఒక బండి యజమానితో మాట్లాడి, 11.9లోని లెక్కను ఆయన అంకెలతో వేయండి. ఎత్తు పెంచమని సలహా ఇస్తారా? కారణాలు రాయండి.

11.12 పాఠ్యగత ప్రశ్నలకు జవాబులు

11.1 : 1. ఇరుసు 2. గాలి 3. పోటు

11.2 : 1. 777.4 మి.మీ.; సుమారు 3.7 శాతం ఎక్కువ. 2. 14 మి.మీ. 3. తగినది కాదు. పాత టైరు 1120 కిలోలు మోయగలదు, కొత్తది 900 కిలోలే మోయగలదు.

పాఠాంత ప్రశ్న 3కు సూచన: మొదట 70 ÷ 80 చేయండి. తరువాత 70 ÷ 87 చేయండి. మొదటి జవాబు 0.88కి, రెండవది 0.80కి దగ్గరగా వస్తే మీ లెక్క సరైనదే.